మీ వీధి అంగన్‌వాడీని ప్రీస్కూల్‌గా నడిపించుకోవడం ఎలా? తిరుపతి, చిత్తూరు అమ్మానాన్నలకు

మే నెల వచ్చిందంటే తిరుపతిలో ఏ ఆటో వెనక చూసినా ఎల్‌కేజీ అడ్మిషన్ల పోస్టరే. బిడ్డకు మూడేళ్లు నిండీ నిండకముందే ఎక్కడ వేయాలన్న టెన్షన్ ఇంట్లో మొదలవుతుంది, కూలికి పోయే వాళ్లు కూడా అప్పో సప్పో చేసి ఫీజు కట్టేస్తారు. అదే వీధి చివర అంగన్‌వాడీ ఉంటుంది. దాన్ని బడి కింద ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "అక్కడేముంది, గుడ్డు పెట్టి పంపిస్తారు" అంటారు.

నిజానికి అంగన్‌వాడీలో చదువు అనేది ప్రభుత్వం కాగితం మీద ఎప్పుడో ఇచ్చేసింది. దానికి పాఠ్య ప్రణాళిక ఉంది, టీచర్లకు ట్రైనింగ్ ఉంది, రోజుకు ఇంత సమయం చెప్పాలని రాసి కూడా ఉంది. గుడ్డు రాకపోతే మన వాళ్లు ఊరుకోరు, వెళ్లి అడుగుతారు, అందుకే గుడ్డు వస్తోంది. పాట పాడించలేదని, కథ చెప్పలేదని ఎవరైనా వెళ్లి అడిగారా? అడగరు కాబట్టి పై ఆఫీసుల్లో కూడా దాని ఊసెత్తరు. ఎవర్ని అడగాలి, ఏ మాట పట్టుకుని అడగాలి, ఏ కాగితం పెట్టాలి అన్నదే ఇక్కడ రాస్తున్నా.

ముందు చట్టం ఎంతవరకు మన వైపు ఉందో తెలుసుకోండి

ఇది కొంచెం బోరు కొట్టే భాగమే, కానీ ఇది తెలియకుండా ఆఫీసుకు పోతే రెండు నిమిషాల్లో వెనక్కి పంపించేస్తారు. చదువు ప్రాథమిక హక్కు అని మనం అంటాం కదా, ఆ హక్కు ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకానే. ఆరేళ్లలోపు బిడ్డల గురించి రాజ్యాంగంలో 45వ అధికరణం ఉంది, 2002లో 86వ సవరణతో దాన్ని మార్చి రాశారు. ఆరేళ్లు నిండే వరకు పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలి అంటుంది అది. ప్రయత్నించాలి అంతే, ఇచ్చి తీరాలని లేదు. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా అదే దారి. మూడేళ్లు దాటిన పిల్లల్ని ఒకటో తరగతికి సిద్ధం చేయడానికి ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అంటుంది.

తిండి విషయంలో మాత్రం లెక్క వేరు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా పోషకాహారం అందాలి, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ఉదయం అల్పాహారం, వేడి భోజనం రెండూ ఉండాలి. ఇది హక్కు. పెట్టకపోతే జిల్లా స్థాయిలో ఫిర్యాదు తీసుకునే అధికారి ఉంటాడు, రాష్ట్ర ఆహార కమిషన్ ఉంటుంది.

అంటే భోజనం చట్టం, చదువు పాలసీ. ఈ తేడా అర్థమైతే మన అర్జీ ఎలా రాయాలో సగం తెలిసినట్టే. చదువు గురించి రాసేటప్పుడు "ఇది మా హక్కు" అని గట్టిగా అరవడం కన్నా "మీ శాఖే ఇచ్చిన ఈ మార్గదర్శకం ఇక్కడ అమలు కావడం లేదు" అని రాస్తే ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే సొంత శాఖ మార్గదర్శకాన్ని ఏ అధికారీ కాదనలేడు. భోజనం గురించి అయితే మొహమాటం లేకుండా చట్టం పేరు, సంవత్సరం రాయండి.

పట్టుకోవాల్సిన మార్గదర్శకాలు మూడు నాలుగే. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న వయసును ఒకే పునాది దశగా చూస్తుంది, అంటే మూడేళ్ల ప్రీస్కూల్, ఒకటి, రెండు తరగతులు కలిపి అయిదేళ్లు. 2030 నాటికి పిల్లలందరికీ నాణ్యమైన ప్రీస్కూల్ అందాలన్నది అందులో లక్ష్యం. 2023 మేలో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 'పోషణ్ భీ, పఢాయీ భీ' అనే కార్యక్రమం మొదలుపెట్టింది, అంటే తిండీ చదువూ రెండూ. ఇందులో మీకు అన్నిటికన్నా పనికొచ్చే మాట ఒకటుంది: అంగన్‌వాడీలో రోజుకు కనీసం రెండు గంటలు నాణ్యమైన ప్రీస్కూల్ చదువు ఉండాలి. ఆ రెండు గంటల్ని గట్టిగా పట్టుకోండి. ఆ తర్వాత 2024లో అదే శాఖ మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం 'ఆధారశిల' అనే పాఠ్య ప్రణాళిక తెచ్చింది, 48 వారాలకు వారం వారం ఏం చేయించాలో అందులో ఉంది. మొదటి నాలుగు వారాలు బిడ్డ అమ్మను వదిలి కూర్చోవడం అలవాటు కావడానికే కేటాయించారు. రాసిన వాళ్లెవరో పిల్లల్ని పెంచిన వాళ్లే అనిపించింది నాకు.

రాష్ట్రం వైపు చూస్తే, 2022లో బడుల్ని విడగొట్టి కలిపినప్పుడు అంగన్‌వాడీలకు పీపీ-1, పీపీ-2 (ప్రీ-ప్రైమరీ 1, 2) అని తరగతుల పేర్లు వచ్చాయి. 2025లో ఆ పద్ధతి మార్చి మళ్లీ కొత్తగా వర్గీకరించారు. విడిగా ఉన్న అంగన్‌వాడీ శాటిలైట్ ఫౌండేషనల్ స్కూల్, ఒకటి రెండు తరగతులతో కలిసి ఉంటే ఫౌండేషనల్ స్కూల్, అయిదు దాకా ఉంటే బేసిక్ ప్రైమరీ లేదా మోడల్ ప్రైమరీ. ప్రభుత్వాలు మారినప్పుడు పేర్లు మారతాయి, ఇంకోసారి మారినా ఆశ్చర్యం లేదు. పీపీ-1, పీపీ-2 మాత్రం రెండు సార్లూ అలాగే ఉన్నాయి. ప్రభుత్వమే బడి అని పేరు పెట్టిన చోట బడి జరుగుతోందా అని అడగడానికి మనకు ఇంకేం కావాలి.

పోయి చూడండి, కానీ చెకింగ్‌కు వచ్చినట్టు కాదు

ఫోన్‌లో వీడియో తీసుకుంటూ లోపలికి దూరకండి. టీచర్‌ను ముందే అడిగి, ఆమె రమ్మన్న రోజు పదింటికల్లా పోయి ఒక మూల కూర్చోండి, అరగంటకు లేచి వచ్చేయకుండా భోజనం దాకా ఉండండి. అయ్యవారి ముందు అందరూ బుద్ధిమంతులే అన్నట్టు మొదటి అరగంట అంతా బాగానే కనిపిస్తుంది, అసలు సంగతి ఆ తర్వాతే తెలుస్తుంది.

పిల్లలు పలకల మీద అ ఆ ఇ ఈ దిద్దుతూ నిశ్శబ్దంగా కూర్చుని ఉంటే మనలో చాలామంది సంతోషపడిపోతాం, చదువు జరుగుతోందని. మూడేళ్ల బిడ్డకు అది చదువు కాదు. ఆ వేళ్లకు ఇంకా పట్టు రాలేదు, బంకమట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపి అంటించడం చేస్తేనే రేపు బలపం నిలబడుతుంది. కాబట్టి చూడాల్సింది ఇవి: బొమ్మలూ చెక్క దిమ్మలూ పిల్లల చేతికి అందేలా కింద ఉన్నాయా, లేక పాడైపోతాయని బీరువాలో పెట్టి తాళం వేశారా (ఇది చాలా చోట్ల చూస్తారు, లెక్క చెప్పాల్సి వస్తుందన్న భయం టీచర్‌ది). ఆ రోజు ఒక్క కథైనా చెప్పారా. కథ మధ్యలో పిల్లల్ని "తర్వాత ఏమై ఉంటుంది?" అని అడిగారా. బయట పరిగెత్తే ఆట ఉందా. టీచర్ ఎంతసేపు పిల్లలతో కూర్చుంది, ఎంతసేపు ఫోన్‌లో వివరాలు ఎక్కిస్తూ గడిపింది. నోరు తెరవని బిడ్డ ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు, వాళ్లను ఎవరైనా పలకరించారా అన్నది కూడా చూడండి. నాకైతే మిగతా అన్నిటికన్నా అదే ముఖ్యం.

స్థలం సంగతి కూడా కళ్లతో కొలుచుకోండి. 2013లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన ఈసీసీఈ (చిన్నపిల్లల సంరక్షణ, విద్య) విధానం వెంట వచ్చిన ప్రమాణాల ప్రకారం ముప్ఫై మంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది, మూడేళ్లు దాటిన ఇరవై మందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. కొర్లగుంట, జీవకోన లాంటి ఇరుకు వీధుల్లో అద్దె గదిలో నడిచే కేంద్రానికి అంత చోటు రాదు, అది టీచర్ తప్పు కాదు. బాత్‌రూమ్‌కు నీళ్లు ఉన్నాయా, గ్యాస్ పొయ్యి పిల్లలు కూర్చునే గదిలోనే ఉందా అన్నవి మాత్రం వెంటనే అడగాల్సినవి.

టీచరమ్మతో గొడవ పెట్టుకోకండి

ఇది సలహా కాదు, బతిమాలుతున్నా. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ టీచర్‌కు వస్తున్నది నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనం, ఆయమ్మకు 7,000, అదీ 2019లో పెంచినది. పెంచమని 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశారు, మధ్యలో ప్రభుత్వం సమ్మెల్ని అడ్డుకునే ఎస్మా చట్టం కూడా ప్రయోగించింది. ఆ జీతానికి వంట చూసుకోవాలి, బరువులు తూచాలి, గర్భిణుల ఇళ్లకు తిరగాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో అన్నీ ఎక్కించాలి, చాలామందికి ఓటర్ల జాబితా పని కూడా అంటగడతారు. ఇవన్నీ అయ్యాక మిగిలిన టైమే పిల్లల చదువుకు. యాప్‌లో వివరాలు రాకపోతే మెమో వస్తుంది, కథ చెప్పకపోతే ఏ మెమో రాదు, అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు?

అందుకని మొదటి మాట ఇలా ఉండాలి: "అక్కా, రెండు గంటలు పిల్లలతోనే ఉండేట్టు చూడాలంటే మా వైపు నుంచి ఏం చేయమంటావు?" ఆమె చెప్పే సమాధానంలోనే మీ అర్జీకి కావాల్సినవన్నీ దొరుకుతాయి. ఆట వస్తువుల కిట్ రాలేదంటుంది, ట్రైనింగ్‌కు తన పేరు రాలేదంటుంది, ఆయమ్మ పోస్టు ఖాళీగా ఉంది కాబట్టి వంట తానే చేస్తున్నానంటుంది. ఈ మూడూ ఆమె అడిగితే పై వాళ్లు పట్టించుకోకపోవచ్చు, పదిహేను మంది తల్లులు సంతకాలు పెట్టి అడిగితే పట్టించుకుంటారు. ఇందులో ఆమె మీ వైపు మనిషి, ఆ సంగతి ఆమెకు ముందే తెలిసేలా చేయండి. అర్జీ పంపే ముందు ఒకసారి చదివి వినిపించండి కూడా.

మీరు చేయగలిగిన పనులు కూడా ఉన్నాయి. వారంలో ఒక పూట ఒక అమ్మమ్మ వచ్చి కథ చెప్పడం, కరెంటు పని తెలిసిన తండ్రి ఫ్యాన్ బాగుచేయడం, పాత డబ్బాలు, మూతలు, గుడ్డ ముక్కలు ఏరి తెచ్చి ఆట సామాను చేయడం. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉంది, హోమ్ సైన్స్ చదివే అమ్మాయిలకు పిల్లలతో పనిచేసే అనుభవం అవసరమే, విభాగానికి ఒక ఉత్తరం రాసి టీచర్ ద్వారా అడిగి చూడండి. కాకపోతే ఈ సహాయం అంతా రెండు గంటల చదువుకు తోడే, దానికి బదులు కాదు. మనమే అన్నీ చేసేస్తుంటే శాఖ చేతులు దులుపుకుంటుంది.

నలుగురు కలవండి, కమిటీని లేపండి

ప్రతి అంగన్‌వాడీకీ పర్యవేక్షణ కమిటీ ఉండాలని 2011లోనే కేంద్ర ప్రభుత్వం చెప్పింది. పంచాయతీ సభ్యులు, తల్లులు, ఆశా కార్యకర్త, పొదుపు సంఘం వాళ్లు అందులో ఉంటారు. మీ కేంద్రానికీ రిజిస్టర్‌లో ఒకటి ఉండే ఉంటుంది, అందులో పేర్లు ఉన్న వాళ్లకే ఆ సంగతి తెలియకపోవచ్చు. రిజిస్టర్ చూపించమని అడిగి, చివరి మీటింగ్ ఎప్పుడు జరిగిందో చూసి, తదుపరి మీటింగ్‌కు తేదీ పెట్టించండి. నెలకొకసారి తల్లిదండ్రుల్ని పిలిచి పిల్లలు నేర్చుకున్నవి చూపించే ఈసీసీఈ డే కూడా ఉంటుంది, ఆ రోజు పదిమంది తల్లులు, వీలైతే ఇద్దరు ముగ్గురు తండ్రులు పోతే ఆ నెలంతా వాతావరణం మారుతుంది. తండ్రులు అని ప్రత్యేకంగా రాశానంటే కారణం ఉంది, మగవాళ్లు బిడ్డను అంగన్‌వాడీ దాకా దింపడానికి కూడా నామోషీ పడతారు మన దగ్గర.

పల్లెల్లో అయితే జనవరి 26, అక్టోబర్ 2 లాంటి రోజుల్లో గ్రామసభ జరుగుతుంది. అక్కడ రోడ్లు, లైట్లు, పింఛన్ల గొడవ ఎలాగూ ఉంటుంది, మధ్యలో లేచి "అంగన్‌వాడీకి నీళ్ల కనెక్షన్, ప్రహరీ గోడ పెట్టించాలి" అని అడిగి అది తీర్మానం పుస్తకంలో రాసే దాకా కూర్చోకండి. నోటి మాటకు విలువ లేదు. తిరుపతి నగరంలో గ్రామసభ ఉండదు కాబట్టి వార్డు సచివాలయంలో ఎడ్యుకేషన్ సెక్రటరీ దగ్గర మొదలుపెట్టండి.

అర్జీ ఎవరికి, ఎలా

వరుస తప్పకండి. టీచర్ పైన సెక్టార్ సూపర్‌వైజర్, ఆ పైన ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే పథకం) ప్రాజెక్టు ఆఫీసులో సీడీపీవో అనే అధికారి, జిల్లాకు పీడీ, అంటే ప్రాజెక్టు డైరెక్టర్. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక కొందరు ఇప్పటికీ పొరపాటున పాత జిల్లా (చిత్తూరు, నెల్లూరు) ఆఫీసుకు పోతున్నారు, శ్రీకాళహస్తి, చంద్రగిరి, సత్యవేడు, సూళ్లూరుపేట వాళ్లు ఇప్పుడు తిరుపతి జిల్లా. పుంగనూరు, పలమనేరు, కుప్పం, నగరి వైపు వాళ్లలో కూడా కొత్త జిల్లాలు, డివిజన్ల మార్పుల వల్ల ఆఫీసు మారి ఉండొచ్చు, సచివాలయంలో ఒకసారి అడిగి బయలుదేరండి.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. మాట ఇలా ఉంటే చాలు:

"సీడీపీవో గారికి. మా కాలనీ అంగన్‌వాడీ కేంద్రంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు (ఇంతమంది) నమోదై ఉన్నారు. 'పోషణ్ భీ, పఢాయీ భీ' మార్గదర్శకాల ప్రకారం రోజుకు కనీసం రెండు గంటల ప్రీస్కూల్ విద్య జరగాలి. ఆయా పోస్టు ఖాళీగా ఉండడం వల్ల వంట పని కూడా టీచర్ చేయాల్సి వస్తోంది, ఆ సమయంలో పిల్లలకు చదువు చెప్పడం వీలు కావడం లేదు. ఆట వస్తువుల కిట్ కూడా ఈ సంవత్సరం అందలేదు. కాబట్టి ఆయా పోస్టు భర్తీ చేయాలని, కిట్ పంపాలని, ఆధారశిల వారం ప్రణాళికను గోడ మీద తల్లిదండ్రులకు కనిపించేలా అతికించే ఏర్పాటు చేయాలని కోరుతున్నాము. తీసుకున్న చర్యను మాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు."

కింద సంతకాలు, వేలిముద్రలు, తేదీ. గమనించండి, ఇందులో ఎక్కడా "టీచర్ సరిగా చెప్పడం లేదు" అని లేదు. అలా రాశారంటే సమస్య మొత్తం ఆమె మెడకు చుట్టి, ఒక షోకాజ్ నోటీసు ఇచ్చి ఫైలు మూసేస్తారు, కిట్ రాదు, ఆయమ్మ రాదు, టీచర్ మీతో మాట్లాడదు. ఒకటికి రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయమంటే "ఎందుకమ్మా, మేం చూసుకుంటాం కదా" అంటారు. నవ్వుతూనే వేయించుకోండి.

నెల రోజులు చూసి కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు పోండి. ముద్ర ఉన్న పాత అర్జీ కాపీ జత చేస్తే అప్పుడు దానికి బరువు వస్తుంది. పోలేని వాళ్లు 1100కు ఫోన్ చేసి కూడా అర్జీ నమోదు చేయించవచ్చు, వాళ్లిచ్చే అర్జీ నంబర్ రాసుకోండి. పోషణ్ కార్యక్రమాలకు ప్రత్యేకంగా 14408 హెల్ప్‌లైన్ ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, ఆ సామెత పుట్టింది మన తిరుపతి ఆఫీసుల్లోనేమో అని ఒక్కోసారి అనుమానం వస్తుంది, అయినా తిరిగేవాళ్లకే పని జరుగుతుంది.

అదీ కాకపోతే 2005 సమాచార హక్కు చట్టం. ఫీజు పది రూపాయలకు మించదు, దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు, ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే ఇంకో ముప్ఫై రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవచ్చు. "అంగన్‌వాడీ ఎందుకు బాగాలేదు" అని అడిగితే జవాబు రాదు, చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారమే. కాబట్టి గత ఆరు నెలల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల హాజరు, సూపర్‌వైజర్ తనిఖీ తేదీలు, ఆమె రాసిన వ్యాఖ్యల నకలు, ప్రీస్కూల్ కిట్ సరఫరా అయిన తేదీ, టీచర్ ట్రైనింగ్ తీసుకున్న తేదీ, ఇవి అడగండి. చాలాసార్లు జవాబు రాకముందే కిట్ వచ్చేస్తుంది.

అసలు కేంద్రమే లేని చోట

ఊరి చివర యానాదుల కాలనీలు, ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు, కొత్తగా ఇళ్లు పంచిన లేఅవుట్లు, టిడ్కో బ్లాకులు, ఇలాంటి చోట్ల జనం వచ్చేస్తారు, అంగన్‌వాడీ మాత్రం పాత ఊరిలోనే ఉండిపోతుంది. మూడేళ్ల బిడ్డ హైవే దాటి కిలోమీటరు నడవడు. ఇక్కడ మీ చేతిలో చాలా గట్టి ఆధారం ఉంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆరేళ్లలోపు పిల్లలు కనీసం నలభై మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లె లేదా మురికివాడ ప్రజలు అడిగితే మూడు నెలల్లోపు అంగన్‌వాడీ కేంద్రం పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు వరుస ఇవ్వాలని కూడా ఆ ఆదేశంలోనే ఉంది.

ఇక మీ పని నలభై పేర్లు చూపించడమే. ఒక ఆదివారం ఇద్దరు ముగ్గురు కలిసి ఇంటింటికీ తిరిగి బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు రాసుకోండి, పుట్టిన తేదీ తెలియకపోతే టీకాల కార్డు చూడండి. జాబితా మీద ఏఎన్‌ఎం లేదా ఆశా సంతకం ఉంటే ఇంకా మంచిది. ఆ జాబితా, కోర్టు ఆదేశం తేదీ, దగ్గరి అంగన్‌వాడీ ఎంత దూరమో రాసి సీడీపీవోకు, కలెక్టర్‌కు ఒకే రోజు ఇవ్వండి. నలభై కన్నా తక్కువ ఉన్నారా? మైదాన ప్రాంతంలో 150 నుంచి 400 జనాభాకు మినీ కేంద్రం అన్న పాత నిబంధన ఉంది, దాన్ని చూపించి అడగండి.

వలస వచ్చిన వాళ్లకు ఇంకో మాట. "మీ పేరు వేరే ఊర్లో ఉంది, ఇక్కడ ఎక్కించలేం" అని ఎవరైనా అంటే, పోషణ్ ట్రాకర్‌లో బిడ్డ పేరును ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మార్చే వీలు ఉందని చెప్పండి. బిడ్డకు ఆధార్ లేదని కూడా వెనక్కి పంపకూడదు, బిడ్డ ఆధార్ తప్పనిసరి కాదని 2022లో కేంద్ర ప్రభుత్వమే స్పష్టంగా చెప్పింది. బట్టీల సీజన్‌లో వచ్చి నాలుగైదు నెలల్లో పోయే పిల్లలే అన్నిటికన్నా ముందు జారిపోతారు. మామిడి కాలంలో బెంగళూరా కాయ కోతకు, గుజ్జు ఫ్యాక్టరీలకు తల్లులు పోతున్నప్పుడు చిత్తూరు వైపు కూడా అదే తంతు, పెద్ద బిడ్డ చిన్న బిడ్డను చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోతుంది, అంటే ఒక అంగన్‌వాడీ సరిగా నడవకపోతే పై తరగతిలో ఇంకో ఆడపిల్ల చదువు కూడా పోతుంది.

శ్రీసిటీ షిఫ్టులకు పోయే తల్లులకు, నగరి మగ్గాల దగ్గర పనిచేసే వాళ్లకు అంగన్‌వాడీ టైము సరిపోదు. దానికి మిషన్ శక్తి కింద 'పాల్నా' అనే పథకం ఉంది, అంగన్‌వాడీలోనే క్రెష్ (పనికి పోయే తల్లుల బిడ్డల్ని చూసుకునే చోటు) నడపడం, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. మీ దగ్గర పనికి పోయే తల్లులు ఎక్కువమంది ఉంటే పీడీకి ఇచ్చే అర్జీలో ఈ పథకం పేరు రాయండి.

ప్రైవేట్ ఎల్‌కేజీ గురించి రెండు మాటలు

వేయొద్దని చెప్పను, ఎవరి స్తోమత వాళ్లది. కానీ టై, బూట్లు, హోంవర్క్ చూసి మోసపోకండి, పైన అంగన్‌వాడీలో చూడమన్నవే అక్కడా చూడండి. విద్యాహక్కు చట్టంలో 12వ సెక్షన్ కింద ప్రైవేట్ బడుల్లో పేద పిల్లలకు 25 శాతం సీట్లు ఉన్నాయి. బడిలో ప్రీస్కూల్ ఉంటే అక్కడి నుంచే ఇవ్వాలని చట్టంలో ఉన్నా, మన రాష్ట్రంలో ఆన్‌లైన్ దరఖాస్తులు తీసుకుంటున్నది ఒకటో తరగతికి. కాబట్టి ఆ సీటు మీద ఆశ ఉన్నవాళ్లు కూడా రెండు మూడేళ్లు అప్పు చేసి ఎల్‌కేజీ, యూకేజీ ఫీజులు కట్టాల్సిన పనిలేదు, అంగన్‌వాడీలో ఉంచి అప్పుడు దరఖాస్తు చేసుకోవచ్చు. బడికి పోయే పిల్లల తల్లులకు రాష్ట్రం ఇచ్చే తల్లికి వందనం డబ్బు కూడా ఒకటో తరగతి నుంచే వస్తుంది. బిడ్డ బుర్ర వేగంగా పెరిగే వయసులో రూపాయి సాయం లేదు, ఆ తర్వాతే మొదలవుతుంది. ఇది ఎమ్మెల్యే కనిపించినప్పుడు అడగాల్సిన ప్రశ్న, సీడీపీవో చేతిలో ఏమీ లేదు.

ఇంగ్లిష్ రాదన్న భయం గురించి కూడా. కుప్పంలో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే బిడ్డలు, నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే బిడ్డలు అంగన్‌వాడీకి వస్తే తెలుగే వాళ్లకు కొత్త భాష. అలాంటి బిడ్డ మీద ఇంగ్లిష్ కూడా పెడితే నోరు మూసుకుని కూర్చుంటాడు, మనం ఏమో మొద్దు అనుకుంటాం. ఈ వయసులో ఇంటి భాషలోనే మాట్లాడించాలని విద్యా విధానం చెబుతోంది. టీచర్‌కు తమిళం రాకపోతే ఆ భాష వచ్చిన ఒక తల్లిని వారానికి రెండు రోజులు కూర్చోమనండి, కథలు ఆ భాషలోనే చెప్పించండి. ఈ ఒక్క పనికి ఏ ఆర్డరూ అక్కర్లేదు.

ఏ నెలలో ఏం చేయాలి

గంగమ్మ జాతర అయిపోయేలోపు, అంటే మే మధ్యకల్లా, బిడ్డ పేరు అంగన్‌వాడీలో రాయించేయండి. బడులు తెరిచాక వస్తామంటే ఆ లోపు మీ పక్కింటి వాళ్లు ప్రైవేట్‌కు ఫీజు కట్టేస్తారు, పిల్లల సంఖ్య తగ్గుతుంది, సంఖ్య తగ్గితే కేంద్రాన్ని పక్కదానిలో కలిపేసే మాట వస్తుంది. జూన్, జులైలో మొదటి వారాలు బిడ్డ ఏడుస్తుంది, ఓపిక పట్టండి, మధ్యాహ్నం దాకా ఒకరు అక్కడే కూర్చోగలిగితే కూర్చోండి. కిట్, ఆయా పోస్టు లాంటి వాటికి అర్జీలు ఆగస్టులోపు పెట్టేయండి. జనవరి తర్వాత పెడితే ఆర్థిక సంవత్సరం అయిపోతోంది, వచ్చే ఏడాది చూద్దాం అంటారు.

ఫిబ్రవరి, మార్చిలో అయిదేళ్లు నిండబోతున్న పిల్లల తల్లులు టీచర్‌ను వెంటబెట్టుకుని దగ్గరి ప్రాథమిక పాఠశాలకు ఒకసారి పోయి రండి. ఒకటో తరగతి టీచర్‌కు ఈ పిల్లలు ఎవరో, ఏం వచ్చో, ఎవరికి మాట ఆలస్యమో ముందే తెలియాలి, అంగన్‌వాడీలో రాసిన బిడ్డ ప్రగతి కార్డు చాలాసార్లు అక్కడి బీరువాలోనే ఉండిపోతుంది. దాని జెరాక్స్ ఒకటి తీయించి మీరే తీసుకుపోయి ఇవ్వండి. హెడ్‌మాస్టర్ దీన్ని ఏం చేసుకోవాలి అని అడిగితే, అంగన్‌వాడీని కూడా పీపీ-1, పీపీ-2 అని మీ బడుల జాబితాలోనే కలిపారు కదా సార్, మొదటి వారం ఒక్కసారి చూడండి అని చెప్పి ఇచ్చి రండి.